మాగ్నెటోనా, బ్యాటరీనా? మన బడి ట్రాక్టర్ గురించి కొన్ని మాటలు

(స్వర్ణోత్సవ సమ్మేళనం రెండవ రోజు ఉదయం సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

నేను ఉపన్యాసకుణ్ణి కాను. 1984లో ఐటీఐ పూర్తిచేసినప్పటి నుంచి నిజామాబాద్‌లో ఆటో ఎలక్ట్రిక్ పని చేసుకుంటూ బతికినవాణ్ణి. డైనమోలు, సెల్ఫ్ మోటర్లు, డిస్ట్రిబ్యూటర్లు, మాగ్నెటోలు నా చేతి మీదుగా చాలా పోయినయి. కార్యవర్గం వాళ్లు నన్ను మాట్లాడమన్నది కూడా ఆ పని గురించే. విషయం మీకు తెలుసు. బోధన్ వైపు క్యాంపులో వ్యవసాయం చేసిన మన పూర్వ విద్యార్థి కుటుంబం ఒకటి తమ పాత ఫోర్డ్‌సన్ మేజర్ ట్రాక్టర్‌ను బడికి బహుమతిగా ఇచ్చింది. దాన్ని బాగుచేసి నడిపించాలని అందరం ఒప్పుకున్నాం. పేచీ ఒక్కచోటే వచ్చింది. దానికి ఉన్న మాగ్నెటోను బాగుచేయించాలని కొందరు, తీసి అవతల పెట్టి బ్యాటరీ, కాయిల్ బిగించి తాళంచెవితో స్టార్ట్ అయ్యేటట్టు చేయాలని కొందరు. సాయంత్రం సర్వసభ్య సమావేశంలో చేతులెత్తే ముందు, రెండింటి మంచిచెడ్డలు మీ ముందు పెట్టమన్నారు. పెడతాను. చివర నా అభిప్రాయం కూడా చెప్తాను.

ముందుగా ఆ బండి మన ప్రాంతానికి ఎందుకు వచ్చిందో చిన్నపిల్లల కోసం రెండు మాటలు. మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయింది. కాలువ నీళ్లు వచ్చినయి. నీళ్ల వెనక చెరుకు వచ్చింది. 1937లో బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ మొదలైంది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న ఫ్యాక్టరీ అది. చెరుకుకు భూమిని లోతుగా దున్నాలె. ఎండిన నల్లరేగడి పెల్లలు లేపాలంటే రెండు మూడు జతల ఎడ్లు కూడా రొప్పేవి. అందుకే స్థోమత ఉన్న రైతులు ట్రాక్టర్ వైపు చూసిన్రు. అప్పట్లో దేశంలో ట్రాక్టర్లు తయారయ్యేవి కావు. ఫరీదాబాద్‌లో ఐషర్ కంపెనీ మొదటి ట్రాక్టర్‌ను బయటికి తెచ్చింది 1959లో. అంతకు ముందువన్నీ ఓడలో దిగినవే. వాటిలో చాలా బండ్లు పెట్రోలు మీద స్టార్ట్ చేసి, ఇంజన్ వేడెక్కినాక కిరోసిన్‌కు మార్చి నడిపే రకం. నీలం బాడీ, నారింజ రంగు చక్రాలతో వచ్చిన మన ఫోర్డ్‌సన్ మేజర్ కూడా ఆ జాతిదే. ఇంగ్లండులో 1945 నుంచి తయారైన బండి.

డీజిల్ ఇంజన్‌కు నిప్పురవ్వ అవసరం లేదు. గాలిని బాగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. పెట్రోలు, కిరోసిన్ ఇంజన్లకు మాత్రం సమయానికి ప్లగ్గు దగ్గర రవ్వ పుట్టాల్సిందే. మన బండిలాంటి నాలుగు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 1200 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 40 రవ్వలు కావాలి. ఒక్కొక్కటీ దాని దాని సిలిండర్‌కు, దాని దాని క్షణానికి అందాలి. ప్లగ్గు మొనల మధ్య ఉన్న సందు అర మిల్లీమీటరే కావచ్చు. కానీ లోపల నొక్కుకుపోయి ఉన్న గాలిని చీల్చుకొని రవ్వ దూకాలంటే వేల వోల్టులు కావాలి. బ్యాటరీలో ఉన్నవి 12 వోల్టులు, కొన్ని పాత బండ్లలో 6 వోల్టులే. మరి వేల వోల్టులు ఎక్కడి నుంచి వస్తాయి?

జవాబు మా సైన్సు సారు తొమ్మిది, పది తరగతుల్లో బోర్డు మీద గీసిందే. 1831లో ఫారడే కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణ. తీగచుట్ట గుండా పోయే అయస్కాంత అభివాహం మారితే ఆ చుట్టలో వోల్టేజి పుడుతుంది. ఎంత తొందరగా మారితే అంత ఎక్కువ పుడుతుంది. ఇగ్నిషన్ కాయిల్‌లో ఒకే ఇనుప బద్ద మీద రెండు చుట్టలు ఉంటాయి. లావు తీగతో కొన్ని వందల చుట్లు ఒకటి, వెంట్రుకంత సన్నటి తీగతో వేల కొద్ది చుట్లు ఇంకొకటి. లావు చుట్టలో కరెంటు పోతుండగా పాయింట్లు ఠక్కున తెరుచుకుంటే అభివాహం ఒక్కసారిగా కూలిపోతుంది. ఆ కూలిపోవడంలో సన్నటి చుట్టలో పదివేలకు పైన వోల్టులు లేస్తాయి. పాయింట్ల పక్కన ఉండే కండెన్సర్ వాటి మధ్య నిప్పు లేవకుండా ఆపి, ఆ కూలడాన్ని ఇంకా వేగం చేస్తుంది. అందుకే కండెన్సర్ పోతే పాయింట్లు నల్లబడతాయి, ప్లగ్గు దగ్గర రవ్వ చచ్చుబడుతుంది.

ఇంతవరకు మాగ్నెటోకూ బ్యాటరీ ఇగ్నిషన్‌కూ తేడా లేదు. రెండింటిలోనూ రెండు చుట్టల కాయిల్ ఉంది, పాయింట్లు ఉన్నాయి, కండెన్సర్ ఉంది, నాలుగు ప్లగ్గులకు పంచే క్యాపూ రోటరూ ఉన్నాయి. తేడా ఒక్కటే. ఆ లావు చుట్టలోకి మొదటి కరెంటు ఎక్కడి నుంచి వస్తుందనేది.

మన ఊరి లెక్కలో చెప్పాలంటే మాగ్నెటో మోట బావి వంటిది, బ్యాటరీ చెరువు వంటిది. మోటకు ఎడ్లు నడిచినంతసేపు నీళ్లు వస్తాయి. ఎవరి దయా అక్కర్లేదు. కానీ ఎడ్లు కదలనిదే చుక్క రాదు, మెల్లగా నడిస్తే మెల్లగానే వస్తుంది. చెరువు అట్ల కాదు. తూము ఎత్తిన క్షణానే నీళ్లు వస్తాయి. కానీ ఆ నీళ్లు ఎప్పుడో ఎవరో నింపినవి. కాలువ రాకపోతే, కట్టకు గండి పడితే, చెరువు ఎండుతుంది. మాగ్నెటోలో అయస్కాంతం ఉంటుంది. ఇంజన్ దాన్ని తిప్పుతుంది, ఆ తిరుగుడుకే కరెంటు పుడుతుంది. బ్యాటరీ పద్ధతిలో ముందే దాచిపెట్టుకున్న కరెంటు కాయిల్‌కు పోతుంది, ఇంజన్ నడుస్తున్నప్పుడు డైనమో దాన్ని మళ్లీ నింపుతుంది.

మీలో చాలామంది రెండింటినీ వాడినవాళ్లే, పేర్లు తెలియక పోవచ్చు. పాత బజాజ్ స్కూటర్, లూనా మోపెడ్ మాగ్నెటో బండ్లు. బ్యాటరీ చచ్చినా, అసలు బ్యాటరీయే లేకున్నా కిక్ కొడితే లేచేవి. పొలాల్లో చిన్న కిరోసిన్ పంపుసెట్లదీ అదే పద్ధతి. పాత బుల్లెట్‌ది బ్యాటరీ పద్ధతి. కిక్ కొట్టే ముందు హెడ్‌లైట్ మీది ఆమ్మీటర్ ముల్లును చూసేవాళ్లం, గుర్తుందా? పాయింట్లు కలిసి ఉంటే ముల్లు ఒక పక్కకు వాలేది, తెరుచుకుంటే నడిమికి వచ్చేది. ముల్లు నడిమికి వచ్చిన చోట ఆపి కిక్ కొట్టేవాళ్లం. కాయిల్‌లోకి బ్యాటరీ కరెంటు పోవడాన్ని కళ్లతో చూసినట్టే అది.

చరిత్రలో ముందు గెలిచింది మాగ్నెటో. 1902లో జర్మనీలో బాష్ కంపెనీలో గాట్లాబ్ హోనోల్డ్ అనే ఇంజనీరు ఎక్కువ వోల్టేజి మాగ్నెటోను ప్లగ్గుతో జోడించి పని చేయించాడు. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ 1910 ప్రాంతంలో బ్యాటరీ ఇగ్నిషన్‌ను నమ్మదగినదిగా చేశాడు, 1912 నాటి క్యాడిలాక్ కారుకు సెల్ఫ్ స్టార్టర్ కూడా తెచ్చాడు. కార్లు మెల్లగా బ్యాటరీ వైపు మళ్లాయి. ట్రాక్టర్లు మాత్రం ఇంకా చాలా ఏండ్లు మాగ్నెటోను వదల్లేదు. 1917లో వచ్చిన మొదటి ఫోర్డ్‌సన్‌లో బ్యాటరీయే లేదు. ఫ్లైవీల్ మీద బిగించిన అయస్కాంతాలే దాని కరెంటు. 1946లో వచ్చిన ఫెర్గూసన్ మాత్రం బ్యాటరీ, కాయిల్, సెల్ఫ్‌తో వచ్చింది. దాని గేర్ రాడ్‌నే స్టార్ట్ గుర్తు దగ్గరికి తోస్తే సెల్ఫ్ తిరిగేది.

ట్రాక్టర్ మాగ్నెటోను ఎందుకు వదల్లేదో మన దగ్గరి పరిస్థితి చూస్తే అర్థమవుతుంది. మా బాపు చెప్పేవాడు. ఆ రోజుల్లో క్యాంపుల్లో కరెంటు లేదు. బ్యాటరీ దిగిందంటే ఎడ్లబండిలో వేసుకొని బోధన్‌కో నిజామాబాద్‌కో తీసుకుపోయి చార్జింగ్‌కు ఇచ్చి, మరునాడు మళ్లీ పోయి తెచ్చుకోవాలె. వానలు పడి అదను వచ్చిన రోజున రెండు రోజులు పోతే రైతుకు ఏం మిగులుతుంది? మాగ్నెటో బండికి ఆ బాధ లేదు. పెట్రోలు, హ్యాండిల్, ఒక బలమైన మనిషి ఉంటే చాలు.

ఇక రెండింటి గుణాలు పక్కపక్కన పెట్టి చూద్దాం. మొదటిది స్టార్ట్ చేయడం. చేత్తో హ్యాండిల్ తిప్పితే నిమిషానికి వంద చుట్ల లెక్క కూడా రాదు. మాగ్నెటోకు ఇది కష్టకాలం. రవ్వ ఎక్కువగా కావాల్సిన సమయంలోనే దానికి బలం తక్కువ. దీనికోసం ఇంపల్స్ కప్లింగ్ అని ఒక చిన్న ఏర్పాటు ఉంటుంది. మెల్లగా తిప్పుతున్నప్పుడు ఒక కొక్కెం మాగ్నెటో రోటర్‌ను పట్టి ఆపుతుంది. లోపల స్ప్రింగు బిగుసుకుంటుంది. సరైన చోటికి రాగానే కొక్కెం వదులుతుంది, రోటర్ 'టక్' మని ఒక్క విసురు తిరుగుతుంది. మన చెయ్యి మెల్లగా తిప్పినా అయస్కాంతం మాత్రం ఆ క్షణం వేగంగా తిరిగినట్టే. ఇంకో లాభం, రవ్వ కొంచెం ఆలస్యంగా పడుతుంది కాబట్టి హ్యాండిల్ ఎదురు తన్నదు. ఇంజన్ అందుకున్నాక ఆ వేగానికి కొక్కెం బయటికి విసిరినట్టై మళ్లీ అడ్డు రాదు. పాత ట్రాక్టర్ హ్యాండిల్ కొడుతుంటే వినిపించే 'టక్, టక్' చప్పుడు అదే. ఆ చప్పుడు లేదంటే ముందు కప్లింగ్‌నే చూడాలె. ఎండిన గ్రీసుతో కొక్కెం అంటుకుపోయి ఉంటుంది.

బ్యాటరీకి మెల్లగా తిప్పినా మొదటి రవ్వ నుంచే బలం ఉంటుంది. కానీ అది నిండు బ్యాటరీ అయితేనే. సగం దిగిన బ్యాటరీతో సెల్ఫ్ కొడితే ఆ మోటరే కరెంటంతా తాగేస్తుంది. 12 వోల్టులు 9కి, ఇంకా కిందికి పడిపోతాయి. సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది, రవ్వ మాత్రం ఉండదు. 'ఇంజన్ తిరుగుతుంది సారూ, అందుకుంటలేదు' అని వచ్చే సగం బండ్ల సంగతి ఇదే.

రెండవది నడిచేటప్పుడు. మాగ్నెటోకు వేగం పెరిగేకొద్దీ రవ్వ బలం పెరుగుతుంది. కాయిల్‌కు వేగం పెరిగితే పాయింట్లు కలిసి ఉండే సమయం తగ్గి బలం కొంత తగ్గుతుంది. ట్రాక్టర్ తిరిగే వేగానికి అది పెద్ద లోటు కాదు. చిన్న విమానాల పిస్టన్ ఇంజన్లు ఈ రోజుకు కూడా మాగ్నెటోలనే వాడుతున్నాయి, ఒక్కో ఇంజన్‌కు రెండు. పైన ఎగురుతుండగా బ్యాటరీ పోయినా ఇంజన్ ఆగకూడదు కదా.

మూడవది రోగాలు. బ్యాటరీ ఇగ్నిషన్ రోగాలు బయటే కనబడతాయి. పది రూపాయల టెస్ట్ బల్బుతో వైరు వెంట పోతే ఎక్కడ కరెంటు ఆగిందో దొరుకుతుంది. ఒకసారి క్రషింగ్ సీజన్‌లో ఎడపల్లి దాటినాక రోడ్డు మీద ఆగిపోయిన ఫెర్గూసన్‌ను చూడమని పిలిచిన్రు. వెనక ట్రాలీలో చెరుకు ఎండుతుంది. ఆలస్యమయ్యేకొద్దీ బరువు తగ్గుతుంది, తీపి తగ్గుతుంది. రైతు అప్పటికే కొత్త బ్యాటరీ కొన్నాడు, కొత్త కాయిల్ కొన్నాడు. రోగం ఆ రెండింటిలో లేదు. బ్యాటరీ నుంచి చాసిస్‌కు పోయే ఎర్త్ పట్టీ బోల్టు కింద తుప్పు. గీకి బిగిస్తే బండి లేచింది. ఇంకో సంగతి, చాలా పాత బ్రిటిష్ బండ్లకు పాజిటివ్ ఎర్త్ ఉంటుంది. అది చూడకుండా ఈ కాలపు అలవాటుతో నెగటివ్‌ను బాడీకి బిగిస్తే డైనమో చార్జింగ్ పాడవుతుంది, రవ్వ కూడా బలహీనపడుతుంది. ఎలక్ట్రానిక్ కిట్ పెడితే అది క్షణంలో కాలిపోతుంది.

మాగ్నెటో రోగం లోపల దాక్కుంటుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు చక్కగా నడుస్తుంది. గంటసేపు దున్నినాక ఆగుతుంది. అరగంట చల్లారితే మళ్లీ లేస్తుంది. రైతు కార్బొరేటర్ విప్పుతాడు, కిరోసిన్‌లో నీళ్లున్నాయంటాడు. నిజానికి వేడికి కాయిల్ లోపలి ఇన్సులేషన్ మెత్తబడి కరెంటు పక్కదారి పడుతుంది, లేకపోతే కండెన్సర్ వేడికి లొంగిపోతుంది. దీనికి మందు విప్పి కొత్తగా చుట్టడమే. రెండో రోగం అయస్కాంతం నీరసించడం. పాత ఉక్కు అయస్కాంతాల రోటర్‌ను విప్పి ఉత్తగా బల్ల మీద పెట్టినా బలం తగ్గుతుంది. విప్పగానే ధ్రువాల మధ్య ఒక మెత్తటి ఇనుప ముక్క ఆనించాలె. తగ్గిన బలాన్ని పెద్ద విద్యుదయస్కాంతం మీద పెట్టి మళ్లీ ఎక్కించవచ్చు. ఆ పని తెలిసిన చేతులు నిజామాబాద్‌లో ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. బ్యాటరీ ఇగ్నిషన్ సామాను మాత్రం, పాత జీపుది, అంబాసిడర్‌ది, ఇంకా దొరుకుతుంది. ఈ విషయంలో బ్యాటరీ పక్షం వాళ్ల మాట నూటికి నూరుపాళ్లు నిజం.

నాలుగవది, బడి కాబట్టి అన్నిటికన్నా ముఖ్యమైనది, ప్రమాదం. ఈ ఒక్క ముక్క మాత్రం అందరూ జాగ్రత్తగా వినాలె. బ్యాటరీ ఇంజన్‌ను ఆపడమంటే వైరును తెంపడం. తాళం తిప్పితే కాయిల్‌కు కరెంటు ఆగుతుంది. వైరు ఊడినా ఇంజన్ ఆగిపోతుంది. మాగ్నెటో దీనికి పూర్తిగా తలకిందులు. దాన్ని ఆపాలంటే వైరును కలపాలె. స్విచ్చి వేస్తే లోపలి కరెంటు ఇంజన్ బాడీలోకి, అంటే ఎర్త్‌కు పోతుంది, రవ్వ ఆగుతుంది. ఆ వైరు ఊడిందనుకోండి, స్విచ్చి 'ఆఫ్' అని చూపిస్తూనే ఉంటుంది, మాగ్నెటో మాత్రం బతికే ఉంటుంది. బ్యాటరీ లేదు కదా అని ఏ పిల్లవాడో సరదాకు హ్యాండిల్ తిప్పితే, సిలిండర్‌లో కాస్త పెట్రోలు ఆవిరి మిగిలి ఉన్నా చాలు, ఇంజన్ అందుకోవచ్చు, లేదా హ్యాండిల్ ఎదురు తన్నవచ్చు. అట్ల మణికట్టు విరిగినవాళ్లను నేను చూసిన. అందుకే పాతవాళ్లు హ్యాండిల్ పట్టేటప్పుడు బొటనవేలిని చుట్టూ తిప్పనిచ్చేవాళ్లు కాదు, నాలుగు వేళ్ల పక్కనే పెట్టమనేవాళ్లు. కింది నుంచి పైకి లాగాలె తప్ప పై నుంచి కిందికి నొక్కకూడదు.

ఇన్ని చెప్పినాక నా అభిప్రాయం చెప్తాను. రోజూ పొలానికి పోయే బండి అయితే, ఇరవై ఏండ్ల కింద ఏ రైతు అడిగినా నేను బ్యాటరీయే పెట్టించుకొమ్మనేవాణ్ణి. రోజూ నడిస్తే డైనమో రోజూ నింపుతుంది, సామాను దొరుకుతుంది, పని ఆగదు. పాత బండి కదా అని మాగ్నెటోను పూజించాల్సిన పని లేదు.

కానీ మన బండి పొలానికి పోదు. ఏడాదికి మూడు నాలుగు సార్లు నడుస్తుంది. ఆగస్టు 15న, జనవరి 26న, సైన్సు దినోత్సవం నాడు, మనం కలిసిన రోజున. నడవని బండిలో బ్యాటరీ కూర్చున్న చోటే దిగిపోతుంది. దిగి అట్లే ఉంటే ప్లేట్లు గట్టిపడి మళ్లీ చార్జి పట్టదు. రెండు మూడేండ్లకు ఒక బ్యాటరీ కొనాలె, నెలనెలా ఎవరో చార్జింగ్ పెట్టాలె. ఆ ఎవరో బదిలీ మీద పోయిన ఏడాది నుంచి బండి మళ్లీ షెడ్డులో బొమ్మైపోతుంది. మాగ్నెటో అయితే ఎలుకలు వైరు కొరకకుండా, తేమ పట్టకుండా చూసుకుంటే ఎన్ని నెలలైనా ఆగుతుంది. ఈ బండికి, ఈ వాడకానికి, మాగ్నెటోయే సరైనది.

రెండో కారణం ఈ బడిలోనే ఉంది. పదో తరగతి పిల్లలు ఫారడే నియమాన్ని పుస్తకంలో చదువుతున్నారు, గాల్వనామీటర్ ముల్లు కదలడం చూస్తున్నారు. మాగ్నెటోను బల్ల మీద వైస్‌లో బిగించి, సారు చేత్తో తిప్పి చూపిస్తే, బ్యాటరీ లేదు, ప్లగ్ పాయింట్ లేదు, ఏ కంపెనీ కరెంటూ లేదు, కానీ కళ్ల ముందే నీలం రవ్వ దూకుతుంది. మెల్లగా తిప్పితే రాదు, వేగంగా తిప్పితే వస్తుంది. అభివాహం మారే వేగం అంటే ఏమిటో ఇక ఆ పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు.

మూడో కారణం కొంచెం మన ప్రాంతానికి సంబంధించింది. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015 చివరలో మూతపడింది. ఆ ఫ్యాక్టరీ చుట్టూ ఫిట్టర్లు, టర్నర్లు, వైండర్లు, మెకానిక్‌లు ఒక తరం కాదు, మూడు తరాలు బతికిన్రు. ఇక్కడ కూర్చున్నవాళ్లలో వాళ్ల పిల్లలు ఎంతమందో నాకు తెలుసు. పని ఆగితే చేతులు వేరే బతుకు వెతుక్కుంటాయి, తప్పులేదు. కానీ మాగ్నెటో చుట్టే చేతులు ఇంకా కొన్ని మిగిలి ఉన్నప్పుడే మన మాగ్నెటోను చుట్టించాలె, చుట్టేటప్పుడు పక్కన ఇద్దరు కుర్రవాళ్లను నిలబెట్టాలె. పదేండ్ల తర్వాత బ్యాటరీ పెట్టుకోవాలనుకుంటే ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. మాగ్నెటోను ఇప్పుడు తీసి పాత ఇనుములో కలిపితే మాత్రం మళ్లీ రాదు.

బ్యాటరీ పక్షం మిత్రుల భయం కూడా న్యాయమైనదే. అందుకని నా ప్రతిపాదనకు ఐదు షరతులు పెడుతున్నాను. సమావేశం వీటితో కలిపే తీర్మానం చేయాలని నా మనవి.

ఒకటి. ఎర్త్ వైరు కొత్తది వేయాలె, రెండు చోట్ల స్విచ్చి పెట్టాలె, ఒకటి డ్రైవర్ దగ్గర, ఒకటి ఇంజన్ పక్కన. నడిపిన ప్రతిసారి రెండు స్విచ్చిలతోనూ ఇంజన్ ఆగుతుందా అని చూసి రిజిస్టరులో రాయాలె.

రెండు. హ్యాండిల్ బండి మీద ఉండకూడదు. హెడ్మాస్టరు గారి గదిలో బీరువాలో, తాళంలో ఉండాలె. హ్యాండిల్ కొట్టేది నేర్చుకున్న పెద్దవాళ్లు ఇద్దరే. విద్యార్థి ఎవరూ ముట్టకూడదు.

మూడు. పిల్లలకు ఇంజన్ తిప్పి చూపించేటప్పుడు పెట్రోలు ట్యాంకు ఖాళీగా ఉండాలె, ప్లగ్గులు విప్పి ఉండాలె. ప్లగ్గు తీగలను గాలిలో వదలకూడదు, ఇంజన్ బాడీకి తగిలించి ఉంచాలె. రవ్వ దూకడానికి దారి లేకపోతే అది కాయిల్ ఇన్సులేషన్‌ను చీల్చుకొని పోతుంది, చుట్టించిన డబ్బు వృథా.

నాలుగు. మాగ్నెటో పక్కనే ల్యాబులో ఒక చెక్క బోర్డు మీద బ్యాటరీ పద్ధతి కూడా బిగించి పెట్టాలె. పాత డిస్ట్రిబ్యూటర్, కాయిల్, కండెన్సర్, నాలుగు ప్లగ్గులు. ఆ సామాను నా దుకాణంలో ఉంది, పైసా లేకుండా నేనే బిగించి ఇస్తాను. పిల్లలు రెండూ చూడాలె, రెండింటి తేడా వాళ్లే చెప్పాలె. ఆ తీగల మీద వోల్టేజి వేలల్లో ఉంటుంది కాబట్టి సారు లేకుండా ఎవరూ తాకకుండా దాని మీద గాజు పెట్టె ఉండాలె.

ఐదు. ప్లగ్గు సందు, పాయింట్ల సందు ఎంత పెట్టాలో గోడ మీద రాసి ఉంచాలె. ప్లగ్గు సందు మాగ్నెటోకు సాధారణంగా అర మిల్లీమీటరు చుట్టూ, కాయిల్‌కు ముప్పావు మిల్లీమీటరు దాకా పెట్టుకుంటారు. కారు మెకానిక్‌ను పిలిచి మాగ్నెటో బండికి కారు సందు పెట్టిస్తే హ్యాండిల్ కొట్టేవాడి భుజం పోతుంది తప్ప బండి లేవదు. తర్వాత ఎవరు వచ్చినా గోడ చూసి పని చేయాలె.

ఖర్చు సంగతి. కాయిల్ చుట్టించడం, అయస్కాంతానికి బలం ఎక్కించడం, బేరింగులు, కొత్త తీగలు, ఇవన్నీ మా బ్యాచ్ వాళ్లం పంచుకుంటామని నిన్న రాత్రి భోజనాల దగ్గర మాట అనుకున్నాం. రేడియేటర్, టైర్లు, రంగు మిగతా బ్యాచ్‌లు చూసుకోవాలె. కార్బొరేటర్ సంగతి బోధన్ తమ్ముళ్లకు వదిలేస్తున్నా, వాళ్లకు నాకన్నా బాగా తెలుసు.

ఇప్పుడు బడిలో భౌతికశాస్త్రం చెప్తున్న ఉపాధ్యాయులకు ఒక్క విన్నపం. వచ్చే నెల మొదటి ఆదివారం పొద్దున పది గంటలకు మాగ్నెటోను విప్పుతున్నాం. పది మంది పిల్లలను, ఆడపిల్లలను కూడా తప్పకుండా, నోటుపుస్తకంతో పంపించండి. విప్పిన ప్రతి ముక్కకు వాళ్లే బొమ్మ గీయాలె, పేరు రాయాలె. తిరిగి బిగించేటప్పుడు నేను ఆ బొమ్మలను చూసే బిగిస్తాను.

సాయంత్రం చేతులెత్తే ముందు అనుమానాలు ఏవైనా ఉంటే, టీ సమయంలో నేను షెడ్డు దగ్గరే ఉంటాను, వచ్చి అడగండి.